చూచువాని కుర్చీపై సుంకము

2022వ సంవత్సరము నవంబరు 9వ తేదీని అమెరికాదేశమునందును ఇతర దేశములందును వేలకొలది గృహములలో టెలివిజను ప్రక్కనున్న ఒక చిన్న పెట్టె ఒక్కసారిగా మూగవోయినది. అది చెడిపోలేదు. అందలి తీగ తెగలేదు. కొన్నవాడు వెల బాకీ పడియుండలేదు. దానిని తయారు చేసిన సంస్థ తన సర్వరును ఆపివేసినది, అంతే. ఆ పెట్టె పేరు స్లింగ్‌బాక్సు. తన యింటికి వచ్చు టెలివిజను కార్యక్రమమును, తా నెక్కడ నున్నను, తానే చూచుకొనుటకు గృహస్థునకు వీలు కల్పించిన యంత్రమది. దాని పుట్టుకను, దానిపై రేగిన ఆగ్రహమును, దాని చావును విచారించినచో, వినోదవ్యాపారులు ఏబది యేండ్లుగా వచ్చిన ప్రతి క్రొత్త యంత్రముతోడను ఏల కలహించుచున్నారో, ఆ కలహమున ప్రజలు కోల్పోవుచున్నదేమో బోధపడగలదు. ఇది పరదేశపు గొడవ, మనకేల యని పాఠకులు తొందరపడకుందురు గాక. ఆ గొడవ 2023లో మన గడప దాటి లోనికిని వచ్చినది.

కాలిఫోర్నియాలో బ్లేక్ క్రికోరియన్, జేసన్ క్రికోరియన్ అను సోదరు లుండిరి. శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్సు అను బేస్‌బాల్ జట్టుపై వారికి అభిమానము మెండు. పనిమీద పొరుగూళ్లకు పోయినప్పుడు ఆ జట్టు ఆట చూడ వీలులేకుండెను. ఇంటియొద్ద కేబులునకు నెలనెలకు డబ్బు చెల్లించుచునే యున్నారు, ఆట ఇంటికి వచ్చుచునే యున్నది, చూచుటకు మాత్రము తాము ఇంట లేరు. ఈ చిన్న కష్టమునుండి ఆ పెట్టె పుట్టినది. వారును, భూపేన్ షా అను ఇంజనీరును కలసి 2004లో స్థాపించిన సంస్థ 2005వ సంవత్సరము నడుమ దానిని సుమారు 250 డాలర్ల వెలకు అంగళ్లకు తెచ్చినది. ఇంటిలోని కేబులుపెట్టెకు దీనిని తగిలింతురు. వచ్చిన చిత్రమును ఇది కుదించి ఇంటర్నెట్టుపై పంపును. యజమాని వేరొక ఊర తన కంప్యూటరుపై దానిని విప్పి చూచుకొనును. చానలు మార్చవలెనన్నచో అక్కడ మీట నొక్కిన చాలు, ఇక్కడి పెట్టె కంటికి కానరాని కిరణమును ప్రసరించి, రిమోటు చేయు పనినే చేయును. ఒక పెట్టెనుండి ఒక్క సమయమున ఒక్కడే చూడగలడు. ఊరివారిని పిలిచి టిక్కెట్టు పెట్టి చూపుటకు ఇందు వీలులేదు.

ఇంత నిరపాయకరమైన వస్తువుపై మొదట కన్నెఱ్ఱ చేసినవారు, విచిత్రముగ, ఆ సోదరులు ప్రేమించిన బేస్‌బాల్ ఆట నడుపు లీగువారే. ప్రాంతమువారీగ ప్రసారహక్కులను అమ్ముకొన్న లీగది. ఒక ప్రాంతమున చూచుటకు చెల్లించినవాడు ఆ చిత్రమును వేరొక ప్రాంతమునకు తీసికొనిపోవుట చట్టవిరుద్ధమని ఆ లీగు న్యాయవాదులు వాదించిరి. దీని సారమేమి? మీరు డబ్బిచ్చినది మీ యింటి కుర్చీలో కూర్చుండి చూచుటకే గాని, హోటలుగదిలోని కుర్చీలో కూర్చుండి చూచుటకు కాదనుట. ఈ పత్రికను చందాదారుడు తన యరుగుమీద చదువుకొనుటకే కొన్నాడు, రైలులో విప్పినచో మరల వెల చెల్లింపవలెనని మేము శాసించినచో పాఠకులు మాకు వైద్యుని చూపింతురు. పఠనమందిరములలో ఒక్క ప్రతిని నలుబదిమంది చదువుచున్నారు. దానిపై ఏ పత్రికాధిపతియు ఇంతవరకు దావా వేయలేదు. వేసినవాడు మిగులడు.

స్లింగ్‌బాక్సును నేరుగ కోర్టునకు ఈడ్చుటకు పెద్ద స్టూడియోలు చాలకాలము వెనుదీసినవి. దయవలన కాదు, పాత దెబ్బయొకటి జ్ఞాపకముండుటవలన. ఆ సంగతి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది, ఏలయన ఈ వివాదము వేరు అందే కలదు.

1975లో జపాను దేశపు సోనీ సంస్థ బేటమాక్సు అను వీడియో యంత్రమును ఆమ్మజూపినది. టెలివిజనులో వచ్చు కార్యక్రమమును టేపుపై పట్టి, తీరికయైనపుడు చూచుకొనుటకు అది యుపకరించును. కొలంబో చూచుచున్నందున కోజాక్‌ను పోగొట్టుకొన నక్కరలేదని సోనీవారి ప్రకటన చెప్పినది. ఆ రెండు కార్యక్రమములును యూనివర్సల్ స్టూడియోవే. 1976లో యూనివర్సల్‌వారును, డిస్నీవారును కలసి లాస్ ఏంజిల్స్ ఫెడరల్ కోర్టులో దావా వేసిరి. ఇచ్చట ఒక ముచ్చట కలదు. యంత్రము తయారు చేసినవానిని పట్టుకొనుటకు ముందు, దానితో తప్పు చేసినవా డొకడు ఉండవలెను గదా? అందులకై ఒక సామాన్య గృహస్థుని కూడ ప్రతివాదిగ చేర్చిరి. ఆతడెవరని విచారింపగా, వాదుల తరఫున నిలిచిన న్యాయవాదుల సంస్థకే కక్షిదారుడు. తనపై నష్టపరిహారము కోరరాదను ఒడంబడికతో ప్రతివాది యగుటకు సమ్మతించినవాడు. వాదియు మనవాడే, ప్రతివాదియు మనవాడే. మన మునసబు కోర్టులలో ఇట్టి దావాలను చూచి గుమాస్తాలు కూడ నవ్వుదురు.

1979లో జిల్లాకోర్టున సోనీ నెగ్గినది. 1981లో అప్పీలుకోర్టు ఆ తీర్పును త్రిప్పివేసినది. ఆ నడుమ 1982లో అమెరికా ప్రతినిధిసభ ఉపసంఘము ఎదుట చలనచిత్ర నిర్మాతల సంఘాధ్యక్షుడు జాక్ వాలెంటీ సాక్ష్య మిచ్చుచు, ఒంటరిగ ఇంట నున్న స్త్రీకి బోస్టన్ నగరపు గొంతునులుము హంతకు డెట్టివాడో, అమెరికా చిత్రనిర్మాతకు వీడియో యంత్ర మట్టిదని చెప్పినాడు. ఆ హంతకుని పేరు చెప్పినచో అమెరికాలో నేటికిని జనులు జడియుదురు. అట్టివానితో పోల్చబడినది, భోజనవేళ తప్పిపోయిన నాటకమును రాత్రి చూచుకొను ఒక పెట్టె! పరిశ్రమకు కడకాలము వచ్చినదని ఆనాడు వారు గుండెలు బాదుకొనిరి. (1906లోనే వారి దేశపు బ్యాండు విద్వాంసుడు జాన్ ఫిలిప్ సౌసా గ్రామఫోనును గూర్చి ఇట్లే విలపించియుండెను. గ్రామఫోను వచ్చినపిమ్మట సంగీతము చచ్చెనో, బ్రతికెనో పాఠకులకు తెలియును.)

1984వ సంవత్సరము జనవరి 17వ తేదీని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వెలువడినది. ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. అధికసంఖ్యాకుల తరఫున తీర్పు వ్రాసినవాడు న్యాయమూర్తి స్టీవెన్స్. ఇంటిలో తీరికవేళ చూచుకొనుటకై కార్యక్రమమును టేపుపై పట్టుట న్యాయమైన వాడుకయే. చట్టసమ్మతమైన వినియోగము గణనీయముగ నున్న యంత్రమును అమ్మినందున అమ్మినవాడు దోషి కాడు. ఇదియే ఆ తీర్పు ముఖ్యాంశము. బాలుర కార్యక్రమములు నడిపిన ఫ్రెడ్ రోజర్స్ ఆ కేసులో సాక్షిగ వచ్చి, తల్లిదండ్రులు తన కార్యక్రమమును పట్టుకొని తమకు వీలైనవేళ పిల్లలతో కలసి చూచినచో తనకు సంతోషమే యని చెప్పినాడు. కళాకారుని కంఠము ఎట్లుండునో వినగోరువారు వాలెంటీ సాక్ష్యము ప్రక్కన ఈ సాక్ష్యమును పెట్టి చదువుకొనవలెను.

ఒక్క ఓటు అటు తిరిగియున్నచో ఆ యంత్రము అమ్మకము ఆగియుండెడిది. తిరుగలేదు. తరువాత నేమైనది? 1980ల చివరకు అమెరికా స్టూడియోలకు సినిమాహాళ్లనుండి వచ్చు ఆదాయమును వీడియోల ఆదాయము మించిపోయినది. గొంతు నులుమునన్న చేయియే అన్నము పెట్టినది. అయినను ఆ యన్నము తినుచు, తిన్న యింటి వాసములు లెక్కించుట వారు మానలేదు.

2001లో రీప్లే టీవీ అను యంత్రముపై టెలివిజను సంస్థలును స్టూడియోలును విరుచుకుపడినవి. ప్రకటనలను తనంతట దాటివేయుట, పట్టిన కార్యక్రమమును ఇంటర్నెట్టుపై మరియొక రీప్లే టీవీ యజమానికి పంపుట దాని నేరములు. రెండవదానిపై ఆక్షేపణకు కొంత ఆధారము కలదని మేము ఒప్పుకొందుము. తాను చూచుకొనుట వేరు, పరులకు పంచుట వేరు. కాని మొదటిదానిని గూర్చి టర్నర్ ప్రసారసంస్థ అధ్యక్షుడు జేమీ కెల్నర్ 2002లో చెప్పిన మాట వినదగియున్నది. ప్రకటనలు చూడకుండుట దొంగతనమట. మరుగుదొడ్డికి పోయివచ్చుటకు మాత్రము కొంత సహింపవచ్చునట! మూత్రవిసర్జనకు అనుమతి దొరకినందుకు ప్రేక్షకులు సంతసింపవలసినదే. ఆ దావాలోనే, యజమానులు ఇండ్లలో ఏమేమి చూచుచున్నారో, ఏ ప్రకటనలను దాటుచున్నారో ప్రతివాది సంస్థయే కనిపెట్టి లెక్క వ్రాసి వాదులకు అప్పగింపవలెనని క్రిందిస్థాయి న్యాయాధికారి ఆజ్ఞాపించెను. పై న్యాయమూర్తి దానిని కొట్టివేసెను గాని, అట్టి కోరిక కోరుటకు వారికి నోరు వచ్చినదను సంగతి మరువరానిది. 2003 మార్చిలో ప్రతివాది సంస్థ దివాలా తీసినది. తీర్పు రాలేదు, తీర్పుతో పని లేకపోయినది. వ్యాజ్యపు ఖర్చుతోనే చిన్నవానిని చంపవచ్చునని పెద్దవాడు నేర్చుకొన్నది ఈ కేసుననే.

ఇక ఏరియో కథ. 2012లో న్యూయార్కున ఆ సంస్థ వెలసినది. ఫాక్సు టెలివిజనును నెలకొల్పిన బారీ డిల్లరే దీనికి పెట్టుబడి పెట్టినవాడు. పావలాబిళ్లంత యాంటెనాలను వేలకొలది బ్రూక్లిన్‌లో ఒకచోట అమర్చి, చందాదారు డొక్కొక్కనికి చూచునంతసేపు ఒక్కొక్క యాంటెనాను కేటాయించి, అది పట్టిన చిత్రమును ఇంటర్నెట్టుపై ఆతనికే చేర్చెడివారు. నెలకు 8 డాలర్లు మొదలుకొని అద్దె. ఆ యాంటెనాలు పట్టినవి కేబులు చానళ్లు కావు. ఆకాశమున ఉచితముగ ప్రసారమగు చానళ్లు. డాబాపై కమ్మీ నిలిపిన ప్రతివాడును ఒక్క పైస ఇయ్యకుండ వానిని చూడవచ్చును.

ఇచ్చట పాఠకు లొక విషయము గ్రహింపవలెను. అమెరికాలో ఆ ప్రసారసంస్థలు వాడుకొను ఆకాశతరంగములు ప్రజల సొత్తు. 1934నాటి చట్టము ప్రకారము ప్రజాహితముకొరకు వాడుదుమను షరతుపై లైసెన్సులు పొందిరి; తరంగములను వేలమున కొనలేదు. మన దేశమునను 1995లో బెంగాలు క్రికెట్టు సంఘపు కేసులో మన సుప్రీంకోర్టు ఆకాశతరంగములు ప్రజల ఆస్తి యని స్పష్టముగ చెప్పినది. అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లు, ప్రజల సొత్తుపై ప్రసారము చేసి, ఆ ప్రసారమును ప్రజ లే దారిని చూడవలెనో శాసించుట వారి రీతి. 1992లో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టముతో కేబులువారియొద్ద ప్రసారసంస్థలు రుసుము రాబట్టుకొన మొదలిడినవి. కోట్లకొలది డాలర్ల ఆ రుసుమునకు ఏరియోవలన చిల్లి పడునను భయమే ఆ దావాకు మూలము. అప్పీలుకోర్టున 2013 ఏప్రిలులో ఏరియో నెగ్గగా, ఫాక్సు మాతృసంస్థ పెద్దలలో నొకడైన చేజ్ కేరీ, తమ చానలును ఆకాశమునుండి తొలగించి చందాలు కట్టువారికే ఇత్తుమని బెదరించెను. ఊరి చెరువునుండి నీరు తోడుకొను హక్కు పొందినవాడు, ఇరుగుపొరుగువారు కూడ బిందె ముంచిరని అలిగి, చెరువునే తన పెరటిలోనికి మరల్చుకొందునన్నట్లున్నది.

2014 జూన్ 25వ తేదీని సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురుగ చీలి ఏరియోకు వ్యతిరేకముగ తీర్పు చెప్పినది. న్యాయమూర్తి బ్రెయర్ వాదమేమనగా, ఏరియో చేయుచున్నది కేబులు సంస్థ చేయు పనిని మిక్కిలి పోలియున్నది. కావున లోపల యంత్ర మెట్లు పనిచేసినను అది ప్రజలకు ప్రదర్శన చేయుటయే. చూపునకు కేబులువలె నున్నది గనుక కేబులే యనుట చట్టము కాదని న్యాయమూర్తి స్కాలియా భిన్నాభిప్రాయమున ఎత్తిపొడిచెను. మా మతమున ఆతని మాటయే న్యాయము. అయిన నది యుండనిండు. తరువాతి వింతను చూడుడు. మేము కేబులు సంస్థను పోలియున్నచో, కేబులువారికి చట్టమే యిచ్చిన నిర్ణీత లైసెన్సును మాకును ఇప్పింపుడు, రుసుము చెల్లింతుమని ఏరియోవారు వేడుకొనిరి. కాపీరైటు కార్యాలయము జూలైలో కాదన్నది. జిల్లాకోర్టు అక్టోబరులో కాదన్నది. నేరమునకు కేబులు, హక్కునకు కాదు! కరవమన్న కప్పకు కోపము, విడువమన్న పామునకు కోపము. ఆ నవంబరులో ఏరియోయు దివాలాకోర్టు మెట్లెక్కినది.

ఈ నడుమనే పత్రికలవారి కందరికిని సిగ్గు కలిగించు నొక సంగతి జరిగినది. 2013 జనవరిలో లాస్ వేగాస్ వస్తుప్రదర్శనమున ఉత్తమవస్తువును ఎన్నుకొను బాధ్యత సీనెట్ అను పత్రికకు ఉండెను. స్లింగ్ సాధనమును లోపల పొదిగిన హాపర్ అను డిష్ సంస్థ యంత్రమును ఆ పత్రిక సంపాదకవర్గము ఎన్నుకొన్నది. కాని సీనెట్ యజమాని సీబీఎస్. సీబీఎస్‌వారు ఆ యంత్రముపై వ్యాజ్యమున నుండిరి. ఆ పేరు కొట్టివేయుడని యజమాని ఆజ్ఞ. కొట్టివేసిరి. గ్రెగ్ శాండోవల్ అను విలేకరి యుద్యోగమునకు రాజీనామా యిచ్చి బయటికి వచ్చెను. ప్రదర్శన నిర్వాహకులు ఆ బహుమానమును హాపరునకును ఇచ్చి, ఎన్నిక బాధ్యతనుండి సీనెట్‌ను తొలగించిరి. చిత్రము నమ్ముకొనువాడే పత్రికను కూడ నడిపినచో, కోర్టులో గెలువలేని వాదమును సంపాదకీయ బల్లపై గెలుచును. చివరకు కోర్టున నేమైనది? ఆ యంత్రమునుండి యజమాని తన కార్యక్రమమును దూరమున చూచుకొనుట ఫాక్సువారి హక్కులకు భంగము కాదని 2015 జనవరిలో కాలిఫోర్నియా ఫెడరల్ జిల్లాకోర్టు తేల్చినది.

జపానులో న్యాయము వేరుదారి పట్టినది. సోనీవారే లొకేషన్ ఫ్రీ అను స్లింగ్‌వంటి యంత్రమును చేసి అమ్మిరి. విదేశములలో నున్న జపానీయులకు స్వదేశమున ఇల్లుండకపోవచ్చును. అట్టివారు కొన్న యంత్రములను తన చోట నుంచి, తీగలు తగిలించి, అద్దె పుచ్చుకొను మానేకీ టీవీ అను వసతి నొకడు నడిపెను. యంత్రము చూచువానిది, చూచువాడు ఒక్కడు. క్రింది కోర్టులు రెండును తప్పులేదనగా, 2011 జనవరి 18వ తేదీని సుప్రీంకోర్టు తీర్పును మార్చివేసినది. పరదేశమున కూలికో, చదువునకో పోయినవాడు తన భాష వినగోరుట ఎంత సహజము! డల్లాసులోను, న్యూజెర్సీలోను, దుబాయిలోను నున్న మన తెలుగువారిని అడిగి చూడుడు. ఇక్కడ మనకు కనబడు చిత్రము అక్కడ వారికి కనబడదు, ఏలయన ఆ దేశపు హక్కులు వేరొకరికి అమ్ముడైనవి, లేదా ఎవ్వరికిని అమ్ముడు కాలేదు. అమ్ముడు కాని సరకును కొన వచ్చినవానిని దొంగ యనుట వ్యాపారనీతి యెట్లగునో మాకు తెలియదు.

కళాకారుల పొట్ట కొట్టుదురా యని వినోదవ్యాపారుల వకీళ్లు ప్రతి కోర్టునను కన్నీరు పెట్టుదురు. ఈ యాక్షేపణ తేలికైనది కాదు. వ్రాసినవానికి, నటించినవానికి, పాడినవానికి కూలి ముట్టవలసినదే. ఒకని చిత్రమును ప్రతులు తీసి సంతలో అమ్ముకొనువాని పక్షమున మేము నిలువము. కాని ఆ కన్నీరు ఎవరిదో చూడవలెను. వీడియోలు అమ్ముడై స్టూడియోలు ధనరాసులు పోగుచేసికొన్న దినములలో, రచయితలకును నటులకును ఇయ్యవలసిన వాటాను లెక్కించుటకు ఆ యాదాయమున నూటికి 20 పాళ్లను మాత్రమే గణనలోనికి తీసికొనిరి. తక్కిన 80 పాళ్లు తయారీఖర్చని ప్రక్కకు తీసిరి. ఆ 20 పాళ్లపై వాటా లెక్క కట్టుదురు. ఇంటర్నెట్టు ఆదాయమున వాటాకొరకు రచయితలు 2007 నవంబరునుండి 2008 ఫిబ్రవరివరకు సమ్మె చేయవలసివచ్చినది. 2023లో మరల 148 దినములు సమ్మె. నటులును వారితో చేరిరి. కోర్టుబల్లయొద్ద కళాకారుని పేర కార్చిన కన్నీరు బేరపుబల్లయొద్దకు వచ్చుసరికి ఇంకిపోవుచున్నది. దూరమున కూర్చుండి చూచినవానివలన రచయితకు పోయినదేమి? ఆ గృహస్థుడు కేబులునకు చెల్లించినాడు, ప్రకటనలు చూచినాడు, ప్రతి వేరొకరికి ఇయ్యలేదు. పోయినది ఒక్కటే, అదే కార్యక్రమమును ఆతనికి రెండవమారు అమ్ము అవకాశము. ఆ అవకాశమునకు ఆస్తి యని పేరుపెట్టి, దానికి కంచె వేయుటకే ఇంత రచ్చ.

లాభాపేక్ష లేకుండ చేసినచో సహింతురేమో యని 2018లో లోకాస్ట్ అను సంస్థ అమెరికాలో బయలుదేరినది. ఉచితప్రసారములను ఇంటర్నెట్టుపై అందించి విరాళములు స్వీకరించెడిది. 2019లో నాలుగు పెద్ద ప్రసారసంస్థలు దావా వేసినవి. విరాళముల డబ్బుతో పొరుగు నగరములకు విస్తరించినందున చట్టపు మినహాయింపు వర్తింపదని 2021 ఆగస్టు చివర తీర్పు వచ్చినది. సెప్టెంబరులో తలుపులు మూసినారు. డబ్బు తీసికొన్నవాడు తప్పు, దానము తీసికొన్నవాడును తప్పు.

స్లింగ్‌బాక్సు మాత్రము ఏ తీర్పువలనను చావలేదు. 2007లో 38 కోట్ల డాలర్లకు ఎకోస్టార్‌వారు ఆ సంస్థను కొనిరి. 2020లో అమ్మకము నిలిపిరి. రెండేండ్లకు సర్వరు నార్పిరి. పెట్టె యజమాని యింటనే యున్నది, చిత్రమును యజమాని యింటనే యున్నది, కాని ఒకదానిని మరియొకటి గుర్తించుటకు కంపెనీ ద్వారపాలకుని అనుమతి కావలెను; ఆ ద్వారపాలకుడు ఇంటికి పోయినాడు. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయలేదు. ఈ సంగతిపై స్టూడియోలను నిందింప లేము. కాని 1984లో బేటమాక్సు కొన్నవాని యింటినుండి ఆ యంత్రమును ఎవ్వడును దూరమునుండి ఆర్పివేయలేకుండెనని జ్ఞాపకముంచుకొనవలెను. నాడు యుద్ధము యంత్రము నమ్మకుండ చేయుటకై జరిగినది. నేడు అమ్మిన యంత్రమును ఎప్పుడు వలెనన్న అప్పుడు నిర్జీవము చేయవచ్చును, దావా యక్కరలేదు. నేర్పరులైన కొందరు యజమానులు స్వయముగ ప్రోగ్రాము వ్రాసి, కంపెనీ సర్వరుతో పనిలేకుండ తమ పెట్టెలను మరల నడిపించుకొనిరి. అందరికిని అట్టి విద్య యుండదు.

ఇక మన గడపలోని సంగతి. పాస్‌వర్డు పంచుకొనుటయే ప్రేమ యని 2017లో లోకమునకు చాటిన నెట్‌ఫ్లిక్సు సంస్థ, 2023 జూలైలో మన దేశమున ఆ ప్రేమను రద్దు చేసినది. ఏరు దాటి తెప్ప తగులబెట్టుట యన నిదియే. ఒక ఖాతా ఒక యింటివారికే నట. ఇల్లనగా ఏమి? ఒక ఇంటర్నెట్టు కనెక్షను. ప్రయాణమున చూచుకొనవచ్చునని కొంత దయ చూపిరి గాని, వేరుచోట నివసించువాడు వేరుగ కొనవలసినదే. హిందూ కుటుంబ మనగా నేమో తేల్చుటకు మితాక్షరయు దాయభాగమును శతాబ్దములు తర్జనభర్జన పడినవి; ఈ సంస్థ ఒక్క ప్రకటనతో తేల్చివైచినది. హైదరాబాదు హాస్టలులో చదువుచున్న కుమారుడు తండ్రి జీవించియుండగనే, భాగపత్రము లేకయే, విభక్తుడైనాడు! ఇది కాపీరైటు వ్యాజ్యము కాదు, ఒడంబడిక విషయము. అంగడివాడు తన షరతు తాను పెట్టుకొనవచ్చునని మా వృత్తిలోని మిత్రు లందురు. నిజమే. కాని చందాదారునికి ఆ షరతును దిద్దు బలము లేదు, సంతకము పెట్టు బలము మాత్రమే కలదు. బేస్‌బాల్ లీగు వకీళ్లు 2005నాటి పెట్టెపై విధింపజూచిన కుర్చీసుంకము ఇప్పుడు చట్టము నడుగకయే వసూలగుచున్నది.

మన కాపీరైటు చట్టము 1957నాటిది. దాని 37వ సెక్షను ప్రసారసంస్థకు ప్రత్యేకమగు హక్కు నిచ్చుచున్నది: అనుమతి లేక పునఃప్రసారము చేయరాదు, డబ్బు పుచ్చుకొని ప్రజలకు చూపరాదు. 39వ సెక్షను, తన స్వంత వాడుకకై కార్యక్రమమును రికార్డు చేసికొనుట ఆ హక్కునకు భంగము కాదని చెప్పుచున్నది. అనగా కాలమును మార్చుకొని చూచుటకు మన చట్టమున స్పష్టమైన రక్ష కలదు. స్థలమును మార్చుకొని చూచుటను గూర్చి ఆ సెక్షనులో మాట లేదు. అమెరికాలో ముప్పదియేండ్లు కోర్టుల చుట్టు త్రిప్పిన ప్రశ్న మనయొద్ద ఆ మౌనమున దాగియున్నది. ఏ ధనిక ప్రసారసంస్థయో ఒకనాడు దానిని తట్టి లేపును, అప్పుడు ఎదుటనుండు ప్రతివాది మరల ఒక చిన్న సంస్థయో, ఒంటరి గృహస్థుడో యగును. అంతవరకు వేచియుండుట బుద్ధి కాదు. న్యాయముగ తన యింటికి వచ్చిన ప్రసారమును గృహస్థుడు వేరొకచోట తానే చూచుకొనుటకు తనకు తాను పంపుకొన్నచో అది పునఃప్రసారమును కాదు, ప్రజలకు చూపుటయు కాదు అను మాటను 39వ సెక్షనునందు చేర్చవలెను. సర్వరును ఆపివేయు అమ్మకపుదారుడు, కొన్నవాని యంత్రము తనంతట పనిచేయుటకు వలయు తాళపుచెవిని ముందుగ విడుదల చేయవలెనను నియమమును 2019నాటి వినియోగదారుల రక్షణ చట్టమున పెట్టవలెను. పఠనమందిరముల కార్యవర్గములును, న్యాయవాదుల సంఘములును ఈ రెండు కోరికలను తీర్మానములుగ గావించి తమ నియోజకవర్గపు పార్లమెంటు సభ్యులకు మహజర్లు పంపవలెనని కోరుచున్నాము.